మీట పక్క మనిషి

ఫోన్లో మాట్లాడుతుంటే నా వైపు నుంచి రెండు క్షణాలు చప్పుడు లేకపోతే మా అమ్మ ఊరుకోదు. "ఊ అనవే" అంటుంది. లైను కట్టయిందేమోనని కాదు. అవతల మనిషి ఉందో లేదో తెలియకుండా మాట్లాడటం ఆమెకు చేతకాదు. ఆ అలవాటు ఆమెకు పలకల ఫ్యాక్టరీలో మిషన్ ఆపే మీట పక్కన కూర్చునే ఒక ముసలాయన నేర్పాడు. పోయిన మంగళవారం పొద్దున అమ్మ ఫోన్ చేసి, "తాత పోయినాడు పాపా" అంది. తర్వాత ఇద్దరం మాట్లాడలేదు. చివరికి నేనే "ఊ అనమ్మా" అన్నాను. అటువైపు ముక్కు చీదిన చప్పుడు వినిపించాక ఫోన్ పెట్టేసి మార్కాపురం బస్సుకు బయల్దేరాను.

ఆయనకు హాజరు పట్టీలో ఒక పేరు, చర్చి రిజిస్టరులో ఇంకో పేరు ఉండేవి. ఆ రెండింటిలో దేనితోనైనా ఎవరైనా పిలవగా నేను వినలేదు. మా అమ్మ మామా అనేది, నాయన చిన్నాయనా అనేవాడు, నేను తాతా అనేదాన్ని. నిజానికి మాకూ ఆయనకూ ఏ చుట్టరికమూ లేదు.

ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఊరు దాటాక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, దాని ముందు పగిలిన పలకరాయి గుట్టలు, లోపల ఒక కటింగ్ మిషన్. ఇనప బల్ల మధ్యలో గుండ్రటి బ్లేడు తిరుగుతుంటుంది, దాని మీద సన్నగా నీళ్లు పడుతుంటాయి. రాయి పెట్టే మనిషి రెండు చేతులతో రాతిని బ్లేడు మీదికి తోయాలి. తడి రాయి జారిపోతుంది కాబట్టి చేతికి గుడ్డ చుట్టుకుంటారు. నేను ఇంటర్ చదివేటప్పటి నుంచి ఆ రాయి పెట్టే మనిషి మా అమ్మ. అంతకుముందు మా నాయన. కుడిచేతికి రెండు వేళ్లు పోయాక నాయన ఆ పని వదిలేసి నాలుగు మేకలు పెట్టుకున్నాడు, అమ్మ ఆ బల్ల దగ్గరికి వెళ్లింది. దీని గురించి ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకు మాత్రం అమ్మ అన్నం కలుపుతుంటే ఆమె వేళ్లు లెక్కపెట్టుకునే అలవాటు పట్టుకుంది. ఉద్యోగం వచ్చినా, హైదరాబాదు వెళ్లినా అది పోలేదు. వీడియో కాల్ చేసినప్పుడు కూడా ముందు ఆమె చెయ్యి ఫోన్ పట్టుకున్న తీరు చూస్తాను, తర్వాతే ముఖం చూస్తాను.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఇంకే ఫ్యాక్టరీలోనూ నేను చూడలేదు. ఒక ముక్క కోసి చేతులు వెనక్కి తీసుకున్నాక, రాయి పెట్టే మనిషి బల్ల అంచు మీద ఇనప బోల్టుతో టక్కుమని ఒకసారి కొట్టాలి. మీట పక్కన కూర్చున్న తాత తన పక్కనున్న పైపు మీద బదులు కొట్టాలి. ఆ బదులు వినిపిస్తేనే ఇంకో రాయి. రాయి తెగే చప్పుడు ఆగాక అమ్మ టక్కు కోసం తాత నాలుగు లెక్కపెడతాడు. నాలుగుకూ రాకపోతే మీట లాగేస్తాడు, బెల్టు పక్కకు జరిగి బ్లేడు ఆగిపోతుంది. తాత బదులు రాకపోతే అమ్మ చేతులు రెండూ పైకెత్తి, రాతిని అట్లాగే వదిలేసి నిలబడుతుంది. కేక కోసం అక్కడ ఎవరూ ఎదురుచూడరు.

"కేక ఇనపడినాక ఆపేదేంది, అప్పటికే అయిపోయింటాది" అనేవాడు తాత.

ఆయన కుడిచెయ్యి ఎప్పుడూ మీట మీదే ఉండేది. ఇనప పిడి మిగతా అంతా తుప్పు పట్టినా ఆయన అరచెయ్యి ఆనే చోట మాత్రం మెరిసేది. టీ ఎడమచేత్తో తాగేవాడు, బీడీ ఎడమచేత్తో వెలిగించుకోవడం రాక బీడీలే మానేశాడని మా అమ్మ చెప్పేది. పనిలో ఉన్నప్పుడు పలకరిస్తే తల తిప్పడు. అన్నం తిన్నాక చెంబెడు నీళ్లు ముఖాన కొట్టుకుని, అవి ఆరకముందే వచ్చి కూర్చునేవాడు. ఎండాకాలమైతే ఒక తడి గుడ్డ మెడ చుట్టూ వేసుకునేవాడు. చల్లదనానికని అనుకునేదాన్ని.

షెడ్డు బయట కూడా అంతే. కొనకనమిట్ల వైపు ఆయన ఊరు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా డ్రైవరు పక్కనే నిలబడేవాడు. డ్రైవరు ఫోన్ చెవికి పెట్టుకున్నాడంటే వచ్చే స్టేజీలో దిగి నడిచి పోయేవాడు. చర్చిలో పాస్టరుగారు ప్రార్థన మధ్యలో కాస్త ఎక్కువసేపు ఆగితే అందరూ కళ్లు మూసుకునే ఉండేవాళ్లు, ఈయన మాత్రం ఒక కన్ను తెరిచి చూసేవాడు. ఏదైనా చెప్పాలంటే ముందు "ఊ కొట్టు" అనేవాడు. మనం ఊ కొట్టడం మరిచిపోతే మాట అక్కడే ఆపేసేవాడు. ఎంతసేపైనా సరే, ఊ వచ్చేదాకా రెండో మాట ఉండదు. చిన్నప్పుడు నాకు ఆయనతో మాట్లాడాలంటే విసుగు.

ఆయనకు గిట్టని మాట ఒకటుంది, "మామూలుగా" అనేది. బ్లేడు బిగించడానికి వచ్చిన మెకానిక్కు ఒకసారి "మామూలుగా ఏం కాదులే తాతా" అన్నాడు. ఈయన మీట వదలకుండానే, "మామూలుగా లేనప్పటి సంగతి చెప్పు నాయనా, మామూలు సంగతి నాకూ తెలుసు" అన్నాడు. ఆ మెకానిక్కు నవ్వాడు గానీ పోయేముందు నట్లన్నీ ఇంకోసారి బిగించి పోయాడు.

నేను చేసే ఉద్యోగమంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మాది హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ. మిషన్ల లోపల పెట్టే కంప్యూటర్లు తయారుచేస్తాం. రెండేళ్ల కిందట కోత మిషన్ల కోసం ఒక పెట్టె చేశాం. బ్లేడు దగ్గరికి చెయ్యి వస్తే అది కనిపెట్టి బ్రేకు వేస్తుంది. దాన్ని నిజమైన ఫ్యాక్టరీలో పెట్టి చూడాలన్నప్పుడు, నేనే ఎగిరి మా అమ్మ పనిచేసే షెడ్డు పేరు చెప్పాను. ఓనరు వెంటనే ఒప్పుకున్నాడు. "ఇది పెడితే తాతకు ఇంక రెస్టు ఇయ్యొచ్చు" అన్నాడు. తాతను వెళ్లగొడుతున్నారని నాకు బాధేసింది. నా వల్లే ఇదంతా అని రెండు రోజులు ఆయన ముందుకు పోలేదు.

మూడో రోజు మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక ఆయనే వచ్చాడు. షెడ్డు మూల నేను పెట్టెను బల్ల మీద పరిచి పరీక్షిస్తున్నాను. చెంబుతో ముఖం కడుక్కుని, చెక్కపెట్టె మీద కూర్చుని దాన్ని చూశాడు.

"నా తర్వాత మీట కాడ కూర్చునేది ఇదేనంట గదా. ఎట్లాంటిదో చూసి పోదామని వచ్చినా."

"నీకు కోపం లేదా తాతా?"

"కోపమెందుకు? డెబ్బయ్యేండ్లు దాటినాయి. నేను పోతే ఎవురు కూర్చుంటారా అని నాకే దిగులుగా ఉండాది. లోపలేముందో చెప్పు. ఊ కొడతా."

చెప్పాను. లోపల మెదడు లాంటి చిప్పు ఒకటే. ఖర్చు తగ్గాలని దాని మీదే రెండు పనులు పెట్టాం. హైపర్‌వైజర్ అనే ప్రోగ్రాము ఆ ఒక్క చిప్పును రెండు కంప్యూటర్లుగా చూపిస్తుంది. రెండింటిలోనూ లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది. ఇవన్నీ ఆయనకు ఆ మాటల్లో చెప్పలేదు.

"ఒకే మిషన్ మీద ఇద్దరు పనోళ్లు తాతా. ఒకడు సెకనుకు వెయ్యిసార్లు అమ్మ చెయ్యి యాడుందో చూస్తాడు. ఇంకొకడు ముక్కలు లెక్కపెడతాడు, ఓనరు ఫోనుకు వీడియో పంపుతాడు. పైన మేస్త్రీ ఒకడు. ఇద్దరికీ వంతులేసేది ఆయనే."

"ఊ. ఇద్దరూ ఒకరికొకరు కనపడతారా?"

"కనపడరు. ఎవరికి వాళ్లు మిషనంతా తనదే అనుకుంటారు."

"వంతు లేనోడు ఏం చేస్తాంటాడు?"

"పడుకుంటాడు. కొంచెం సేపే."

"ఎంతసేపు?"

"కంటికి కనపడనంత. అసలు చేతిని చూసేవాడికి ముందు వంతు. వాణ్ణి మామూలుగా పడుకోబెట్టరు."

ఆ మాట నోరు జారాక నాలుక కరుచుకున్నాను. తాత ఊ కొట్టకుండా నీళ్లు తుడుచుకుని మీట దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రోజూ అన్నం వేళకు వచ్చి కూర్చునేవాడు. సెకనుకు వెయ్యిసార్లు అంటే ఎట్లా ఉంటుందో చూపించమని అడిగాడు. అది చూపించేది కాదు. అందుకని చేతిని చూసిన ప్రతిసారీ పెట్టె ఒక వైరు మీద కరెంటును మార్చేట్టు చేసి, ఆ వైరుకు పాత రేడియోలోని చిన్న స్పీకరు తగిలించాను. గుయ్యిమని తుమ్మెద మోత లాగా సన్నగా వినిపించింది. ఇది శనివారం సంగతి. ముందురోజే నేను పరీక్షలన్నీ పూర్తిచేసి, ఎక్కడా ఆలస్యం లేదని సంతకం పెట్టి రిపోర్టు పంపేశాను. సోమవారం పెట్టెను అమ్మ బల్లకు బిగించాలి. గొప్ప కోసం ఆయనకు ఆ మోత వినిపించాను తప్ప పరీక్ష కోసం కాదు.

తాత గడ్డం ఛాతీకి ఆనించుకుని విన్నాడు. నేను డబ్బాలో పెరుగన్నం తింటున్నాను. చాలాసేపటికి చెయ్యెత్తాడు.

"ఒకటి ఎగిరిపాయె."

"ఏంది తాతా?"

"మోత నడమ ఒకసారి ఊపిరి ఆగింది. ఇంటానే ఉండు."

విన్నాను. నాకేమీ తెలియలేదు. ఆయన మళ్లీ చెయ్యెత్తాడు. ఈసారి నాకూ వినిపించింది, గీతలు పడ్డ రికార్డు మీద ముల్లు ఎగిరినట్టు ఒక చిన్న చిటుకు. వైరు లూజు అయి ఉంటుందని వైరు మార్చాను. స్పీకరు మార్చాను. తినే అన్నం పక్కన పెట్టేశాను. చిటుకు మళ్లీ వచ్చింది. పెట్టె రాసుకున్న లెక్కలు ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాను. ప్రతి చూపూ సమయానికే పడింది. ఒక్కటంటే ఒక్కటి కూడా ఆలస్యం లేదు. హమ్మయ్య అనుకుని ఆయనకు చూపించాను.

"చూడు తాతా, అన్నీ టైముకే ఉన్నాయి. నీ చెవులే మోసం చేస్తున్నాయి."

"ఆలస్యమైందని రాసేది ఎవురు?"

"అదే రాసుకుంటాది."

"చేతిని చూసేవాడా?"

"వాడే."

తాత స్పీకరు మీద అరచెయ్యి పెట్టి మోత వినపడకుండా మూశాడు.

"ఊ కొట్టు. మీ నాయన వేళ్లు పోయిన దినం మీట కాడ ఉండింది నేనే."

నాకు ఊ రాలేదు. ఇన్నేళ్లలో ఈ మాట మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక మా అరుగు మీద నాయన పక్కన కూర్చుని టీ తాగే మనిషి ఈయన. నేను బదులివ్వకపోతే ఆయన ఇంక చెప్పడని తెలుసు. చెప్పకపోతే బాగుండునని కూడా అనిపించింది. చివరికి "ఊ" అన్నాను.

"అన్నం తినొచ్చి కూర్చున్నా. అప్పుడు టక్కు మీ నాయనే కొట్టేది, నేను బదులు కొట్టే పద్ధతి లేదు. రాయి తెగింది, నేను లెక్క మొదలుపెడితి. ఒకటి, రెండు, మూడు. టక్కు రాలా. సరే, నాలుగు అనుకున్నా. నాలుగు అనేటప్పటికి బల్ల మీద నీళ్లు ఎర్రగ పారతాండాయి. చేతిగుడ్డ అంచు బ్లేడుకు తగులుకోని చెయ్యిని లాక్కున్యాది. నేను సమయానికి లాగింటే గుడ్డతోనే పోయేది."

"ఊ."

"నా లెక్కలో యాడా గండి లేదు పాపా. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వరసగా ఉండాయి. మూడుకూ నాలుక్కూ నడమ నాకు కునుకు పట్టింది. ఆ కునుకు నా లెక్కలోకి ఎట్లొస్తాది? లెక్కపెట్టేది నేనే, కునుకు తీసిందీ నేనే. అడిగినోళ్లందరికీ నాలుక్కే లాగినానని చెప్పినా. అబద్ధం చెప్పలా. అబద్ధం కాకపోవడమే నాకు భయం."

"మరి నీకెట్ల తెలిసింది?"

"మీ నాయనే చెప్పినాడు. ఆస్పత్రిలో పోయి కాళ్లు పట్టుకుంటే, నువ్వు కండ్లు మూసుకోనుంటే నేను చూసినాలే చిన్నాయనా, యాడ్సబాక అన్నాడు. బయటోడికి కనపడింది. నాకు కనపడలా. ఆ మర్నాడు నుంచే బదులు కొట్టే పద్ధతి పెట్టినా. మీట కాడ ఉండేవోణ్ణి కూడా ఎవురో ఒకరు కనిపెట్టుకోనుండాల."

స్పీకరు మీద నుంచి చెయ్యి తీశాడు. గుయ్యిమనే మోత మళ్లీ మొదలైంది. "దీన్ని నిద్రపోయినావా అని దీన్నే అడుగుతాండావు నువ్వు" అన్నాడు.

నాకు ఆయన మీద కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే చాలా వచ్చింది. మా నాయన ఎడమచేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పడ్డ తిప్పలు నేను చూశాను. ఈ మనిషికి టీ ఇచ్చింది నేనే కదా అనుకున్నాను. కానీ కోపం తెచ్చుకుని కూర్చునే తీరిక లేదు. నా సంతకం హైదరాబాదులో ఉంది. సోమవారానికి ఒక్క ఆదివారమే అడ్డం.

శనివారం సాయంత్రమే పెట్టెను ఇంటికి తెచ్చుకున్నాను, ఆదివారం చర్చికి పోలేదు. అమ్మ తలనొప్పా అని అడిగితే అవునన్నాను. నా సంచిలో ఒక చిన్న సర్క్యూట్ బోర్డు ఉంది, దాని గడియారం దానిదే, లైనక్స్ లేదు, మేస్త్రీ లేడు, ఒకటే పని చేస్తుంది. దాన్ని ఆ వైరుకు తగిలించి, పెట్టె ఎప్పుడెప్పుడు చూస్తోందో బయటి నుంచి రాయమన్నాను. గంటసేపు ఏమీ దొరకలేదు. దొరకకూడదని దేవుణ్ణి వేడుకున్నాను, వెంటనే ఇంతకంటే బుద్ధిలేని ప్రార్థన ఉండదనిపించింది. తర్వాత ఓనరు ఫోనుకు వీడియో పంపడం మొదలుపెట్టాను, పనివేళల్లో రోజూ జరగాల్సింది అదే, శనివారం మోత విన్నప్పుడూ అది నడుస్తూనే ఉంది. పది నిమిషాలు గడిచేలోపు కనిపించింది. వెయ్యిసార్లు చూడాల్సిన వాడు ఒక చోట నలభై చూపులు ఎగ్గొట్టాడు. అదే క్షణానికి వాడి సొంత లెక్క తీసి చూశాను. ఒక్క చూపు కూడా తప్పలేదని రాసుకున్నాడు.

మేస్త్రీ ప్రోగ్రాములో ఒక సెట్టింగు అట్లా ఉంది. చేతిని చూసేవాణ్ణి పక్కన పడుకోబెట్టినప్పుడు వాడి గడియారాన్ని కూడా ఆపేస్తుంది, లేపేటప్పుడు ఆగినచోటి నుంచే నడిపిస్తుంది. వాడికి రాత్రీ లేదు, పగలూ లేదు, పడుకున్న సంగతే లేదు. ఆ సెట్టింగు అట్లా ఉంచింది ఎవరో కాదు, నేనే. లెక్కలు గజిబిజి లేకుండా శుభ్రంగా వస్తాయని ఉంచాను.

నలభై చూపులంటే సెకనులో ఇరవై ఐదోవంతు. రెప్పపాటు కూడా కాదు. మా టీం లీడరు ఫోన్లో సరిగ్గా అదే మాటన్నాడు. సగటు చాలా బాగుంది కదా అన్నాడు. లక్షల్లో ఒకసారి అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ అమ్మగారు అక్కడ పనిచేస్తారు కాబట్టి మీకు ఆందోళన ఎక్కువగా ఉన్నట్టుంది" అన్నాడు.

"అవును. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను. అవతల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఉద్యోగం పోయిందనుకున్నాను, గదిలో అటూ ఇటూ తిరిగాను. "ఊ అనండి సార్" అన్నాను చివరికి. ఆయన తికమకపడి ఊ అన్నాడు.

ఉద్యోగం పోలేదు. సోమవారం పెట్టె మాత్రం పెట్టలేదు. ఓనరు ముఖం మాడ్చుకున్నాడు. రెండు నెలలు పట్టింది. చేతిని చూసే పనిని ఆ ఉమ్మడి చిప్పు మీద నుంచి తీసేసి, వేరే చిన్న చిప్పుకు అప్పగించాం. అది పెట్టెకు ఒక దెబ్బ కొడుతుంది, పెట్టె బదులు కొడుతుంది. ఎటు నుంచి చప్పుడు ఆలస్యమైనా బ్రేకు పడుతుంది. ఈ ఉపాయం ఎక్కడిదని కంపెనీలో అడిగితే మా ఊళ్లో వాడే పద్ధతి అన్నాను. జోకనుకున్నారు.

కొత్త పెట్టె ఊరికే ఆగేది. వీడియో పంపడంలో కాస్త తడబడితే చాలు, బ్లేడు ఆపేసి ఎర్రలైటు వేసుకుని కూర్చునేది. షెడ్డులో అందరూ తిట్టుకునేవాళ్లు. తాతకు మాత్రం అది ఆగినప్పుడల్లా ముఖం వెలిగేది. "అనుమానమొస్తే ఆగుతాంది. బానే ఉంది, పనికొస్తాది" అని అమ్మతో అన్నాడట. అయినా మీట దగ్గర నుంచి లేవలేదు. ఓనరు రెస్టు తీసుకోమంటే, "అది నన్ను కనిపెట్టుకోనుంటాది, నేను దాన్ని కనిపెట్టుకోనుంటా" అన్నాడు. ఓనరు ఇంక అడగలేదు. నేను ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయనకు టీ ఇచ్చేదాన్ని. మొదటిసారి గ్లాసు అందించేటప్పుడు నా చెయ్యి కొంచెం ఆగింది. ఆయన అది గమనించాడు, అందుకునేదాకా చెయ్యి చాపే ఉంచాడు.

ఆయన పోవడం కూడా నిద్రలోనే. సోమవారం మధ్యాహ్నం అన్నం తిని, ఆ రోజు కరెంటు లేక పని ఆగింది కాబట్టి పడుకున్నాడట. లేవలేదు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటే బెంగ, ఎంతసేపటికి ఎవరు చూశారో అని. ఆయన ఊళ్లో సమాధి దగ్గర అదే అడగబోయాను, నోరు రాలేదు. నాయన తన కుడిచేత్తోనే మట్టి తీసి వేశాడు. మూడు వేళ్ల మధ్య నుంచి సగం మట్టి ముందే జారిపోయింది. ఇంకో గుప్పెడు తీసి వేశాడు.

మర్నాడు అమ్మ పనికి వెళ్తానంది. పెట్టె ఉంది కదా, ఫరవాలేదంది. నేనూ వెంట వెళ్లాను, పెట్టెను ఒకసారి చూసి సాయంత్రం బస్సెక్కుదామని. షెడ్డులో కూర్చోవడానికి తాత చెక్కపెట్టె తప్ప ఇంకేమీ లేదు. దాని మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. పెట్టె మీద పచ్చలైటు వెలుగుతోంది. బ్లేడు తిరగడం మొదలైంది. అమ్మ రాయి తోసింది, తెగింది, చేతులు వెనక్కి తీసుకుని టక్కుమని కొట్టింది.

నేను అంకెలు చూస్తున్నాను. రెండు వైపుల దెబ్బలూ సమయానికి పడుతున్నాయి, ఆలస్యాలు లేవు. అంతా బాగుందని తలెత్తాను. అమ్మ రెండు చేతులూ భుజాల ఎత్తున గాలిలో పెట్టుకుని నిలబడి ఉంది. రాయి బ్లేడుకు అడుగు దూరంలో బల్ల మీద పడి ఉంది. ఆమె చూస్తున్నది పెట్టె వైపు కాదు, నా వైపు.

"ఎంతసేపయిందమ్మా?" అని ఆ హోరులో అరిచాను. నా లెక్కకు అసలేమీ కాలేదు. ఇప్పుడే కదా తల వంచాను.

"నాకు తెలుసు. నీకెట్ల తెలుస్తాది" అంది.

ల్యాప్‌టాప్ మూసి కింద పెట్టాను. పైపు పక్కన తాత బోల్టు ఉంది, తీసుకున్నాను. కుడిచెయ్యి మీట మీద, మెరిసే చోట పెట్టి, ఎడమచేత్తో పైపు మీద కొట్టాను. అమ్మ చేతులు దించలేదు.

"ఇంకోసారి" అంది.

కొట్టాను. నా కళ్లలోకి చూసి అప్పుడు చేతులు దించింది. పది వేళ్లూ లెక్కపెట్టుకున్నాను. ఆమె రాతిని ముందుకు తోసింది, అది తెగి చప్పుడు ఆగింది. ఒకటి, అనుకున్నాను.